కోలకర్ర

మూడేళ్ళ క్రితం ఒకరి పద్యాన్ని బాగుచేయబోయి పాడుచేశాను. పాడుచేశానని తెలియడానికే నాకు చాలా నెలలు పట్టింది. ఆ పద్యం గురించి చెప్తాను. దాంతోపాటు, సరదాకొద్దీ రాసుకునే మనలాంటివాళ్ళం ఒకరి రాతలకి ఒకరం ఏం చెప్పుకుంటున్నాం, అందులో ఎంత పనికొస్తోంది అన్నది కూడా.

మేం పదమూడు మందిమి. కవిత్వం ఎవరికీ వృత్తి కాదు. ఒక పెద్దాయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఒకమ్మాయి ఫిజియోథెరపిస్టు. ఇద్దరు టీచర్లు. ఒక కుర్రాడు అప్పుడే ఇంజనీరింగ్ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. మాలో చాలామందిమి ఒకరి మొహం ఒకరం చూడలేదు. వారానికి ఒకరు తమ పద్యమో కవితో పంపుతారు, మిగతావాళ్ళం ఫోన్లోనే అభిప్రాయాలు రాస్తాం. అంతే మా వ్యవహారం.

ఒక వారం ఆ కుర్రాడు ఆటవెలది పంపాడు. పోయిన తాతయ్య గురించి. మొదటి రెండు పాదాలూ ఇవి:

కుర్చి పక్కనున్న చేతికర్ర కదల
దిన్ని నాళ్ళనుండి దిగులుతోటి

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే గురువులూ లఘువుల చిన్న గుంపు). రెండు, నాలుగు పాదాలకి ఐదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి, అంటే ఆ రెండు అక్షరాల హల్లులూ అచ్చులూ ఒకదానికొకటి కలవాలి. కుర్రాడు గణాలన్నీ బాగానే వేశాడు. కానీ మొదటి పాదంలో యతి తప్పింది. 'కుర్చి'లోని కు ఎక్కడ, 'చేతికర్ర'లోని చే ఎక్కడ? హల్లూ కలవలేదు, అచ్చూ కలవలేదు.

పద్యం వచ్చిన నాలుగు నిమిషాలకే నేను రాశాను: "మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ. చేతికర్ర బదులు కోలకర్ర అను, సరిపోతుంది." కు-కో. గణం కూడా చెక్కుచెదరదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. పెద్దాయన "సెబాసు, చక్కని సవరణ" అన్నారు. ఇంకో నలుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు. కుర్రాడు "ధన్యవాదాలండీ, మార్చేశాను" అన్నాడు.

రాత్రి ఎప్పుడో ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మాట రాసింది. "మా తాతయ్య చేతికర్ర కూడా ఇంట్లోనే ఉందండీ. కోలకర్ర అనేసరికి నాకు కర్ర కనబడకుండా పోయింది." దానికి ఎవరూ జవాబివ్వలేదు. ఆ అమ్మాయి వచన కవిత్వం రాస్తుంది, ఛందస్సు రాదు, పాపం అనుకున్నాను. ఆ 'పాపం' తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కోల అన్నా కర్రే, కర్ర అన్నా కర్రే. కోలకర్ర అంటే కర్రకర్ర. ఏ ఇంట్లోనూ ఏ తాతయ్యా అలాంటిది పట్టుకుని నడవలేదు. యతి కోసం నేనొక వస్తువునే మాయం చేసి, దాని చోట ఒక మాటని నిలబెట్టాను. ఇది ఒక తప్పు. రెండోది ఇంకా పెద్దది, అందులో నాతోపాటు అందరికీ వాటా ఉంది. రెండో పాదం చూడండి. 'దిన్ని', 'దిగులు'. ది-ది, యతి అచ్చంగా కుదిరింది. అందుకే పన్నెండు మందిలో ఒక్కరి కన్నూ దాని మీద పడలేదు. 'దిగులుతోటి' అక్కడికి వచ్చింది యతిని నిలబెట్టడానికే. కర్రకి దిగులేమిటి? కదలటం లేదని చెప్పాక దిగులని మళ్ళీ చెప్పాలా? యతి తప్పిన పాదంలో ప్రాణం ఉంది, యతి కుదిరిన పాదంలో లేదు. మేమందరం కలిసి ప్రాణం ఉన్నదాన్ని కోసి, లేనిదాన్ని భద్రంగా ఉంచాం.

ఎందుకిలా జరుగుతుందా అని చాలాసార్లు ఆలోచించాను. నాకు తట్టిన కారణం చిన్నది. యతి తప్పితే నిరూపించొచ్చు. కు, చే అని వేలు పెట్టి చూపించొచ్చు. ఎవరూ కాదనలేరు, ఎవరితోనూ గొడవ రాదు, పైగా మనకి తెలుసన్న సంగతి నలుగురికీ తెలుస్తుంది. 'దిగులుతోటి' దండగ అనాలంటే మాత్రం నేను నిజంగా పద్యం చదివి ఉండాలి, నాకేమనిపించిందో గమనించుకుని ఉండాలి, ఆ అనిపించడాన్ని నలుగురి ముందూ పెట్టాలి. "అలా ఎందుకనిపించింది?" అని ఎవరైనా అడిగితే నా దగ్గర సూత్రం లేదు. తెలిసిన తప్పు దగ్గరికి పరిగెత్తడం, తెలియని చోట మాట్లాడకుండా ఉండిపోవడం మనిషి స్వభావం. కవిత్వం దగ్గరికొచ్చేసరికి ఆ స్వభావం పాండిత్యంలా కనబడుతుంది.

ఛందస్సు తప్పులు చెప్పొద్దని కాదు నేననేది. పద్యం రాస్తానని పూనుకున్నవాడికి గణం తప్పితే చెప్పాల్సిందే. కానీ ఇప్పుడు గణాలు విడగొట్టి, యతిప్రాసలు సరిచూసి పెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. పద్యం అందులో వేస్తే ఒక్క క్షణంలో చెప్పేస్తాయి. వాటికి నాలాగా మురిసిపోవడం కూడా రాదు. ఆ ప్రోగ్రాము 'దిగులుతోటి' దగ్గర ఏమీ అనదు. అక్కడ అనాల్సిన మాట అనడానికే కదా మేం పన్నెండు మందిమి ఉన్నది!

అసలు కిటుకు ఎక్కడుందంటే, ఒకరి రాతని ఇంకొకరు దిద్దడం అనగానే మనకి గురుశిష్యులే గుర్తొస్తారు. ఉర్దూ కవిత్వంలో దీన్ని ఇస్లాహ్ అంటారు. శిష్యుడు గజల్ రాసి ఉస్తాదుకి చూపిస్తాడు, ఉస్తాదు మాట మారుస్తాడు, ఒక్కోసారి పంక్తే మారుస్తాడు. గాలిబ్ ఈ పనిని పోస్టులో చేసేవాడు. శిష్యులు ఊళ్ళనుంచి తమ రచనలు పంపితే ఢిల్లీలో కూర్చుని దిద్ది తిప్పి పంపేవాడు. హర్‌గోపాల్ తఫ్తా అనే శిష్యుడికి ఆయన రాసిన ఉత్తరాలు ఇప్పటికీ చదువుకుంటాం. మన ఫోన్ల వ్యవహారం కొత్తదేమీ కాదని అవి చదివితే తెలుస్తుంది. ముఖాముఖి కాకుండా, కాగితం మీద, దూరాన్నుంచి ఒకరి మాట ఒకరు తూచి చూడటం నూటయాభై ఏళ్ళ కిందటే బాగా నడిచింది.

తేడా అంతా తూచేవాడిలో ఉంది. అక్కడున్నది గాలిబ్. 1854లో మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌కే కవిత్వ గురువైన మనిషి. ఆయన ఒక మాట మారిస్తే ఆ మాట వెనక ఒక జీవితకాలపు చెవి ఉంది. ఇక్కడున్నది నేను. నా వెనక ఉన్నది ఒక ఛందోగ్రంథం, పది పన్నెండు ఏళ్ళ సరదా. ఉస్తాదు చేసే పనిని నేను చేయబోతే వచ్చేది కోలకర్రే. ఔత్సాహికులం ఒకరికొకరం గురువులం కాలేం. గురువు దగ్గర దొరకనిది ఒకటి మాత్రం ఇచ్చుకోగలం. మేం పాఠకులం. ఆ కుర్రాడి పద్యాన్ని రేపు అచ్చులో చూసే మనిషి ఎలా చదువుతాడో మేమూ అలాగే చదువుతాం: పని మధ్యలో, అరకొర శ్రద్ధతో, సొంత తాతయ్యని తల్చుకుంటూ. ఆ చదవడం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పగలిగితే అదే పెద్ద సాయం. ఆ రాత్రి ఆ అమ్మాయి చేసింది అదే. సలహా ఇవ్వలేదు. కర్ర కనబడకుండా పోయిందని చెప్పి ఊరుకుంది.

ఈ చదివేవాళ్ళ రకాల గురించి మన పాతవాళ్ళు బాగా ఆలోచించారు. సుమారు 1,100 ఏళ్ళ క్రితం కనోజ్‌లో ప్రతీహార రాజుల కొలువులో ఉన్న సంస్కృత కవి రాజశేఖరుడు కావ్యమీమాంస అనే పుస్తకంలో ప్రతిభ రెండు రకాలన్నాడు. రాసేవాడికి ఉండేది కారయిత్రి, చదివేవాడికి ఉండేది భావయిత్రి. చదవడానికీ ప్రతిభ కావాలన్న మాట అక్కడే ఉంది. ఆ చదివేవాళ్ళు నాలుగు రకాలట. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నీ మేసేసేవాడు సతృణాభ్యవహారి. ఓర్వలేనివాడు మత్సరి. కావ్యం లోతు పట్టుకునేవాడు తత్త్వాభినివేశి, అతను వెయ్యిమందిలో ఒకడుంటే ఉండొచ్చు అంటాడు.

మొదటిసారి ఇది చదివినప్పుడు మా పదమూడు మందినీ ఆ నాలుగు గళ్ళలో సర్దడం మొదలుపెట్టాను. సరదాగానే ఉంది, నేనెక్కడ కూర్చోవాలో తేల్చుకునేదాకా. మా గుంపు ముప్పాతిక మంది గడ్డిమేత రకం. ఏది పంపినా "అద్భుతం", "హృద్యం", "గుండె తడిమారు". నాకు వాళ్ళంటే చులకనగా ఉండేది. రాజశేఖరుడికి లేదు. కొత్తగా నేర్చుకుంటున్నవాడు, కుతూహలం ఉన్నవాడు ఎవడైనా మొదట్లో అలాగే ఉంటాడు, అది అందరికీ మామూలే అని రాశాడు. ఏదీ రుచించనివాడి గురించి మాత్రం మెలిక పెట్టాడు. ఆ అరుచి పుట్టుకతో వచ్చిందైతే వంద సంస్కారాలు చేసినా వదలదట. జ్ఞానం వల్ల వచ్చిందైతే, నిజంగా గొప్ప మాట ఎదురైనప్పుడు వాడూ కరుగుతాడట. నాకు ఎప్పుడూ ఏదీ నచ్చకపోవడం వీటిలో ఏ రకమో ఇప్పటికీ తేలలేదు.

మత్సరి గురించి ఎక్కువ చెప్పను. ఉన్నాడు, అందరిలో ఉన్నాడు. పక్కవాడి కవిత నిజంగా బాగున్నప్పుడు "బాగుంది" అన్న ఒక్క మాట రాసి ఊరుకునేవాడు వాడే.

ఆ "బాగుంది" గురించి మాత్రం చెప్పాలి. ఇందులో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. కష్టం ఏమిటంటే అది అప్పులా తిరుగుతుంది. ఈ వారం నీ కవితకి నేను చప్పట్లు కొడితే, వచ్చే వారం నా కవితకి నీ చప్పట్లు నాకు బాకీ. నెల తిరిగేసరికి ఎవరూ చదవడం లేదు, అందరూ బాకీలు తీర్చుకుంటున్నారు. ఒకసారి నా కవితలో పొరపాటున ఒక పంక్తి రెండుసార్లు పడింది. ముద్రారాక్షసం అంతే. పదకొండు మంది "అద్భుతం" అన్నారు. ఒకరైతే "ఆ పునరుక్తి కవితకి ఎంత బలాన్నిచ్చిందో!" అని ఒక పేరా రాశారు. నేను దిద్దలేదు, నవ్వలేదు కూడా. ఆ రోజు నాకు అన్నిటికన్నా ఎక్కువ అనిపించింది ఒంటరితనం.

ఇంతకీ కవి అయినవాడు అడగాల్సిన ప్రశ్నే వేరేమో. 1862 ఏప్రిల్‌లో ఎమిలీ డికిన్సన్ అనే ఆవిడ అమెరికాలో హిగిన్సన్ అనే రచయితకి నాలుగు కవితలు జతచేసి ఉత్తరం రాసింది. అప్పటికి ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు. బాగున్నాయా అని అడగలేదు. నా పద్యానికి ప్రాణం ఉందా, అది చెప్పడానికి మీకు తీరిక ఉందా అని అడిగింది. ఆయన ఏవో సవరణలు సూచించాడు. ఆవిడ దాన్ని శస్త్రచికిత్స అని పిలిచింది, థాంక్స్ చెప్పింది, తన దారిన తాను రాసుకుంది. దాదాపు 1,800 కవితలు రాసిన మనిషి, బతికుండగా అచ్చయినవి పదో, ఆ చుట్టుపక్కలో. హిగిన్సన్ చెడ్డవాడు కాదు, చివరిదాకా స్నేహంగానే ఉన్నాడు. ఆవిడ ప్రాణం ఉందా అని అడిగితే ఆయన అతుకులు, కుట్లు చూశాడు. మనందరిలోనూ ఒక హిగిన్సన్ ఉన్నాడు, అతనికి కోలకర్రలు చాలా ఇష్టం.

దీనికి ఇంకో మెట్టు ఉంది, అది ఇంకా ప్రమాదం: ఎదుటివాళ్ళ కవితని మనమే తిరగరాసి పెట్టడం. 1940లో ఎలిజబెత్ బిషప్ అనే యువకవయిత్రి తెల్లవారుజామున కూసే కోళ్ళ మీద రాసిన కవితని తను గౌరవించే పెద్ద కవయిత్రి మారియన్ మూర్‌కి పంపింది. మూర్, ఆవిడ తల్లి కూర్చుని కవిత మొత్తం తిరగరాశారు. ప్రాసల అల్లిక మార్చారు, మొరటుగా ఉన్నాయనుకున్న మాటలు తీసేశారు, పేరు కూడా మార్చి తిప్పి పంపారు. ప్రేమతోనే చేశారు. బిషప్ మర్యాదగా ఉత్తరం రాసి, ఒప్పుకోలేదు. తను ఎంచుకున్న మొరటుతనం తనకి కావాలంది. కవిత ఆవిడ రాసినట్టే అచ్చయింది. స్నేహం మూర్ పోయేదాకా, అంటే 1972 దాకా నిలిచింది. ఈ కథలో మూర్‌ది తప్పని చెప్పడం సులువు. నన్ను కలవరపెట్టేది వేరే: బిషప్‌కి ఒప్పుకోకపోయే ధైర్యం ఉంది. మా కుర్రాడికి లేదు. "మార్చేశానండీ" అన్నాడు. మన భాషలో వయసు, గారు, అండీ అన్నీ కలిసి పెద్దవాళ్ళ సలహాని సలహాగా ఉండనివ్వవు. అది ఆజ్ఞ అయి కూర్చుంటుంది. చిన్నవాడు పెద్దాయన పద్యంలో తప్పు చూపించడం అంతకన్నా కష్టం. మా గుంపులో మూడేళ్ళలో ఒక్కసారి జరిగింది, అదీ "చిన్నవాణ్ణి, తప్పయితే క్షమించాలి" అన్న నాలుగు వాక్యాల తర్వాత. అసలు మాట ఒక్క వాక్యమే.

అలాగని కొరడా పట్టుకుంటే మంచిదా? మా దగ్గరికి ఒకాయన కొత్తగా వచ్చారు, యాభై దాటిన మనిషి, జీవితంలో మొదటి కవిత పంపారు. మాలో ఒకరు పంక్తి పంక్తీ పట్టుకుని పద్నాలుగు లోపాలు చూపించారు. పాత ఉపమానం, వ్యాకరణం, అనవసర విశేషణం, అన్నీ. నేను పైకి అనలేదు గానీ లోపల బలే బలే అనుకున్నాను. ఆయన "నేర్చుకుంటానండీ" అని రాసి, వారంలో గుంపులోంచి వెళ్ళిపోయారు. ఆ పద్నాలుగూ నిజమే. వాటిలో ఒక్కటీ నాకిప్పుడు గుర్తులేదు. ఆ కవితలో ఒక పంక్తి మాత్రం గుర్తుంది: "సంతకం పెట్టేటప్పుడు మాత్రమే నా పేరు నాకు గుర్తొస్తుంది." ఆ ఒక్క పంక్తినీ ఆయనకి చూపించి ఉంటే ఏం జరిగేదో. దాన్ని అన్నవాళ్ళు ఎవరూ లేరు, నాతో సహా. ఇలాంటిచోట "మెత్తగా చెప్పాలి" అంటుంటారు. నేను దానికీ పూర్తిగా ఒప్పుకోను. ఆ పద్నాలుగింటినీ బెల్లంలో ముంచి చెప్పినా ఆయన వెళ్ళిపోయేవారే. బతికున్న పంక్తి ఏదో చెప్పకపోవడమే అక్కడ జరిగిన అన్యాయం.

దారి చూపించింది మళ్ళీ ఆ ఫిజియోథెరపీ అమ్మాయే. "రాత్రి కవిత చదువుదాం. ఏమీ రాయొద్దు. పొద్దున లేచాక, మళ్ళీ చూడకుండా, ఏం గుర్తుంటే అది రాద్దాం" అంది. మాకు మొదట పిల్లలాటలా అనిపించింది. నా వంతే ముందొచ్చింది.

నాదొక వచన కవిత. ఇంట్లో కొన్నాళ్ళుండి వెళ్ళిపోయిన మనిషి గురించి. అందులో "నిశ్శబ్దం ఇల్లంతా నీడలా పాకింది" అన్న పంక్తి ఉంది. దాని కోసం రెండు రోజులు కూర్చున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు. దాని కిందే "రెండో కప్పు కడిగి బోర్లించాను" అని ఒక పంక్తి, ఒక చరణం నుంచి ఇంకో చరణానికి వెళ్ళడానికి వేసుకున్న పలకలాంటిది. పొద్దున్న ఏడుగురు రాశారు. నిశ్శబ్దం ఒక్కరికీ గుర్తులేదు. ఐదుగురికి కప్పు గుర్తుంది. చివర్లో నేను రాసుకున్న "జీవితమంటే వదిలి వెళ్ళడమే కదా" అన్నది ఎవరికీ అక్కర్లేకపోయింది. (మన కవితల్లో చాలావాటికి చివరి మూడు పంక్తులూ మనం రాసుకున్న గైడు. పరీక్ష అయిపోయింది కాబట్టి చింపేయొచ్చు.)

మంచి సంగతి ఇంకా ఉంది. టీచర్లలో ఒకావిడ ఆ పంక్తిని తప్పు గుర్తుపెట్టుకుంది. "రెండో కప్పు కూడా కడిగి బోర్లించాను" అని రాసింది. 'కూడా' నేను రాయలేదు. ఆ మాట వచ్చాక అర్థమంతా మారిపోయింది. ఎవరూ తాగని కప్పు అది. మురికి లేదు, కడగక్కర్లేదు. అయినా కడిగాడు. రెండు రోజులు కూర్చుని నీడలు పాకించిన నాకు ఈ రెండక్షరాలు తట్టలేదు. ఆవిడకీ తట్టలేదు, మర్చిపోతే వచ్చింది. దిద్దమని ఆవిణ్ణి అడిగి ఉంటే, నేను కోలకర్ర ఇచ్చినట్టే ఏదో ఇచ్చి ఉండేది. "మీ మాట వాడుకుంటానండీ" అన్నాను. "నాదేముందండీ, నా మతిమరుపుది" అని నవ్వింది.

రాజశేఖరుడిని ఇంకొక్కసారి పిలుస్తాను, ఆయన కవులకిచ్చిన జాగ్రత్తలు చదువుతుంటే నిన్నో మొన్నో రాసినట్టుంటాయి. నీ రాతని నువ్వే గొప్పగా ఎంచుకోకు, పక్షపాతం గుణదోషాల్ని తారుమారు చేస్తుంది, అందుకని ఇతరులచేత పరీక్ష చేయించు, పని చేసేవాడికి కనబడనిది పక్కనున్నవాడికి కనబడుతుంది అన్నాడు. సగం రాసినది ఎవరికీ వినిపించకు, అది ఇక పూర్తికాదు, ఇది కవుల రహస్యం అన్నాడు. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. సగం కవిత పంపినప్పుడల్లా నాకు రావాల్సిన చప్పట్లు వచ్చేసేవి, మిగతా సగం రాయాలన్న ఆకలి చచ్చిపోయేది. ఇంకోటి, కొత్త కవితని ఒక్కడి ముందు చదవకు, రేపు వాడు తనదే అంటే నీకు సాక్షి ఎవరు అన్నాడు. పేరు కత్తిరించి కవితలు తిరిగే ఈ రోజుల్లో పన్నెండు మంది సాక్షులుండటం చిన్న లాభమేమీ కాదు. తానే కవినని మురిసిపోయేవాడి ముందు మంచి మాట అడవిలో ఏడుపే, వాణ్ణి వాడి ఇష్టం ప్రకారం పోనిచ్చి సంతోషపెట్టు అని కూడా అన్నాడు. మా పెద్దాయన విషయంలో మేం చేస్తున్నది అదే, ఏ శాస్త్రమూ చదవకుండానే.

ఒక పక్కదారి విషయం, కానీ చెప్పకుండా ఉండలేను. ఆడవాళ్ళు 'నేను' అని రాస్తే మనవాళ్ళు దాన్ని కవితగా చదవరు, ఉత్తరంగా చదువుతారు. ఫిజియోథెరపీ అమ్మాయి విడాకుల మీద ఒక కవిత రాసింది. కవిత గురించి గుంపులో వచ్చిన మాటలు రెండు. విడిగా ఆమెకి వచ్చిన ఓదార్పు మెసేజీలు మూడు. "ధైర్యంగా ఉండమ్మా" అని ఒకటి. "అంకుల్, నాకింకా పెళ్ళే కాలేదండీ" అని జవాబు రాసింది. తాతయ్య కర్ర గురించి కుర్రాడు రాసినప్పుడు మాత్రం ఒక్కరూ ఓదార్చలేదు, యతి చెప్పాం.

పొద్దుటి పద్ధతి మా గుంపులో పూర్తిగా నిలబడిందని చెప్పను. వారం వారం ఎవరో ఒకరు మళ్ళీ "అద్భుతం" అంటారు, ఎవరో ఒకరు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారు. ఎక్కువసార్లు ఆ ఒకరు నేనే. ఒక్కోసారి ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఆ నిజాన్ని రాయడం ఎవరివల్లా కాక అందరం నిద్ర లేవనట్టు నటిస్తాం. కానీ ఇతరుల కవితల్లో ఏం నిలబడిందో, ఏం జారిపోయిందో ఇన్నాళ్ళు రాసుకున్నాక నా కవితల్లో జారిపోయేవి కొంచెం ముందే కనబడుతున్నాయి. ఈ పనిలో ఎక్కువ లాభం చెప్పినవాడికే అనిపిస్తుంది, అందుకోసం చెప్తున్నామని పైకి ఎవరం ఒప్పుకోం గానీ.

మొన్నామధ్య ఆ కుర్రాడు (ఇప్పుడు ఉద్యోగస్తుడు, కవితలు తగ్గాయి) తాతయ్య పద్యం మళ్ళీ పంపాడు. పాత సంగతి ఎత్తలేదు. మొదటి రెండు పాదాలూ ఇలా ఉన్నాయి:

చెక్క కుర్చి పక్క చేతికర్ర కదల
దిన్ని నాళ్ళనుండి, తీయరెవరు

చే కోసం కర్రని మార్చలేదు, కుర్చీ దగ్గరికి వెళ్ళి అది దేంతో చేసిందో చూశాడు. చెక్క. చె-చే. యతి వచ్చింది, కర్ర చేతికర్రగానే ఉంది, కుర్చీకి బరువు కూడా వచ్చింది. రెండో పాదంలో దిగులు లేదు. ఎవరూ తీయటం లేదు, అంతే.

అది చూసి "చాలా బాగుంది" అని టైప్ చేసి చెరిపేశాను. రాత్రి ఊరుకున్నాను. పొద్దున లేచి, "'తీయరెవరు' దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత ఏం చదివానో గుర్తులేదు" అని రాశాను.

కాసేపటికి జవాబొచ్చింది. "మూడో పాదంలో యతి ఇంకా కుదరలేదండీ. మీరు పట్టుకుంటారనుకున్నాను."

వెనక్కి వెళ్ళి చూశాను. నిజమే, కుదరలేదు.